ప్రొఫెసర్ హోదాలో ఫుట్‌బాల్ కోచ్: స్టాగ్ 41 ఏళ్ల షికాగో ప్రస్థానం

సంక్షిప్తంగా

అమెరికా కాలేజీ క్రీడల్లో కోచ్ అనే ఉద్యోగానికి స్థిరమైన రూపం ఇచ్చినవారిలో ఏమస్ అలోంజో స్టాగ్ (1862–1965) ముందువరుసలో ఉంటారు. 1892లో షికాగో విశ్వవిద్యాలయం ఆయన్ను ఒక సీజన్ కోసం కాకుండా శాశ్వత అధ్యాపకుడిగా తీసుకుంది. ఆయన ఫుట్‌బాల్ జట్టును 41 సీజన్లు నడిపారు. బాస్కెట్‌బాల్ పుట్టిన మూడు నెలలకే దాని తొలి బహిరంగ మ్యాచ్‌లో ఆడారు. తర్వాత ఆ ఆట మధ్య పశ్చిమ రాష్ట్రాలకు పాకడానికి తోడ్పడ్డారు. గెలుపోటముల పట్టిక కన్నా ఆ నియామకంలోని షరతులే ఈ కెరీర్‌ను బాగా వివరిస్తాయి. ఆయనకు నాలుగు దశాబ్దాల బలం వాటినుంచే వచ్చింది. 70వ ఏట ఆయన్ను మైదానం నుంచి తప్పించిందీ వాటిలో ఒకటే.

ఇప్పుడీ చర్చ ఎందుకు

అమెరికాలో చదువుకునే తెలుగు విద్యార్థులను, వారి తల్లిదండ్రులను ఒక విషయం తికమక పెడుతుంటుంది. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఖజానా పరిధిలోని ఉద్యోగులందరిలో అత్యధిక జీతం గవర్నరుకో, విశ్వవిద్యాలయ అధ్యక్షుడికో కాక ఫుట్‌బాల్ కోచ్‌కో, బాస్కెట్‌బాల్ కోచ్‌కో అందుతుంది. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మల వాడకంపై డబ్బు తీసుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలు నేరుగా ఆటగాళ్లకే చెల్లించే వీలు కలిగింది. తొలి ఏడాదికి ఒక్కో సంస్థ పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు.

చదువు చెప్పే సంస్థలోకి ఇంత పెద్ద క్రీడా వ్యాపారం ఎలా వచ్చి చేరిందనే ప్రశ్నకు ఒక్క సమాధానం లేదు. కానీ ఆ ప్రక్రియ మొదటి దశను ఒకే మనిషి ఉద్యోగ జీవితంలో చూడాలంటే స్టాగ్ ఉదాహరణ చాలా ఉపయోగపడుతుంది.

ఆట నేపథ్యం: మూడు ప్రయత్నాలు, ఐదు గజాలు

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. జట్టుకు 11 మంది. 1882లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ క్యాంప్ చొరవతో ఒక కీలక నిబంధన వచ్చింది. బంతి చేతిలో ఉన్న జట్టు మూడు ప్రయత్నాల్లో కనీసం ఐదు గజాలు ముందుకు సాగాలి, లేదా బంతిని వదులుకోవాలి. క్రికెట్‌లో ఓవర్‌కు ఆరు బంతులున్నట్టే ఇక్కడ ఒక్కో ప్రయత్నమూ లెక్కే.

బంతిని ముందుకు విసరడం అప్పట్లో నిషిద్ధం. అలాంటప్పుడు ఐదు గజాలు సంపాదించే తేలికైన దారి గుంపుగా తోసుకుపోవడమే. బంతి కదలకముందే బలమైన ఆటగాళ్లు వెనక నుంచి పరుగందుకుని, ఒకరి చేతులు ఒకరు పెనవేసుకుని, ప్రత్యర్థి వరుసలో ఒకే ఒక్క మనిషి మీద పడేవారు. బంతి పట్టుకున్నవాణ్ని సొంత జట్టువాళ్లే లాగుతూ, నెడుతూ తీసుకుపోయేవారు. తలకు సరైన రక్షణ లేదు. గాయాలు, మరణాలు ఈ ఆటలో సహజ పరిణామాలయ్యాయి. ఇది ఆటగాళ్ల క్రూరత్వం కన్నా నిబంధనల నిర్మాణ లోపమని గుర్తిస్తేనే తర్వాతి సంస్కరణలు అర్థమవుతాయి.

మరో నిబంధన కోచ్ పనినే నిర్దేశించింది. మ్యాచ్ జరుగుతుండగా మైదానం అంచు నుంచి సలహాలు చెప్పడం తప్పు. బయటకు వెళ్లిన ఆటగాడు తిరిగి రావడానికి నేటి స్వేచ్ఛ లేదు. కాబట్టి కోచ్ చేయగలిగిందంతా సోమవారం నుంచి శుక్రవారం లోపే. శనివారం మధ్యాహ్నం ఏ ఎత్తు వేయాలో నిర్ణయించేది మైదానంలో ఆటను నడిపే క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడు. మంచి కోచ్ అంటే తన ఆలోచనను 21 ఏళ్ల విద్యార్థి తలలోకి ముందే ఎక్కించగలిగినవాడు. ఉపాధ్యాయ వృత్తికి ఇది చాలా దగ్గర. ఆ పోలికను స్టాగ్ జీవితాంతం పట్టుకున్నారు.

బోధకుడు కాబోయి కోచ్ అయ్యారు

స్టాగ్ 1862 ఆగస్టు 16న న్యూజెర్సీలోని వెస్ట్ ఆరెంజ్‌లో పుట్టారు. తండ్రి చెప్పులు కుట్టేవారు. ఎనిమిది మంది పిల్లల్లో ఆయన ఐదోవాడు. యేల్‌లో చేరి బేస్‌బాల్ పిచర్‌గా పేరు తెచ్చుకున్నారు. 1889లో తొలిసారి ప్రకటించిన అఖిల అమెరికా ఫుట్‌బాల్ జట్టులో చోటు దక్కింది. అసలు లక్ష్యం మాత్రం క్రైస్తవ బోధకుడు కావడం. యేల్‌లోనే మతశాస్త్ర విద్య మొదలుపెట్టారు. వేదికపై ప్రసంగించడం తనవల్ల కాదని తేల్చుకుని, 1890లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు, వైఎంసీఏ (క్రైస్తవ యువజన సంఘం) శిక్షణ పాఠశాలకు మారారు.

లూథర్ గులిక్ ఆధ్వర్యంలో నడిచిన ఆ పాఠశాల సిద్ధాంతం సూటిగా ఉండేది: శరీర శిక్షణ కూడా మత సేవే. అక్కడ స్టాగ్ ఫుట్‌బాల్ జట్టు కట్టారు. కెనడా నుంచి వచ్చిన జేమ్స్ నైస్మిత్ అందులో సెంటర్ స్థానంలో ఆడారు. పిడికెడు విద్యార్థులున్న ఆ పాఠశాల జట్టు 1890 డిసెంబరులో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, పైకప్పు కింద, యేల్ ఆటగాళ్ల జట్టుతో తలపడి 10–16తో ఓడింది. చిన్న జట్టు పెద్ద జట్టును నిలువరించాలంటే బరువు చాలదు, అమరిక కావాలి. చివర నిలబడే ఆటగాళ్లను వెనక్కి తెచ్చి, పరుగుకు దారి చేసేవారిగా వాడే పద్ధతిని ఆయన ఈ దశలోనే పెంచారు.

హార్పర్ ఇచ్చిన ఉద్యోగం: మూడు షరతులు

విలియం రెయినీ హార్పర్ యేల్‌లో హీబ్రూ పండితుడు. స్టాగ్ ఆయన శిష్యుడు. రాక్‌ఫెల్లర్ విరాళంతో షికాగోలో కొత్త విశ్వవిద్యాలయం కట్టే బాధ్యత హార్పర్‌కు దక్కినప్పుడు, తరగతులు మొదలుకాకముందే ఆయన నియమించుకున్నవారిలో స్టాగ్ ఒకరు. మొదట చూపిన జీతాన్ని పెంచుకుంటూ పోయి చివరకు ఏటా 2,500 డాలర్లు, అసోసియేట్ ప్రొఫెసర్ హోదా, శాశ్వత పదవి ఇచ్చారు. 1892 అక్టోబర్ 1న విశ్వవిద్యాలయం తెరుచుకుంది. ఫుట్‌బాల్ సాధన కూడా అప్పుడే మొదలైంది. ఆటగాళ్లు చాలక తొలి సీజన్‌లో కోచే జట్టులో ఆడాల్సి వచ్చింది. ప్రత్యర్థుల్లో స్థానిక హైస్కూళ్లు కూడా ఉన్నాయి.

ఈ నియామకంలో విడివిడిగా చూడాల్సిన అంశాలు మూడు.

మొదటిది శాశ్వతత్వం. అప్పటి మామూలు కోచ్ శరదృతువులో రెండు మూడు నెలలు పనిచేసి వెళ్లిపోయే మనిషి. 1901లో మిషిగన్ విశ్వవిద్యాలయం ఫీల్డింగ్ యోస్ట్‌ను తెచ్చుకుంది అలాగే: సీజన్‌కు 2,300 డాలర్లు, బస ఖర్చులు అదనం. అంటే పన్నెండు నెలలు, అన్ని క్రీడలూ చూసే స్టాగ్ తొలి జీతానికి కొంచెం తక్కువ మొత్తం యోస్ట్‌కు మూడు నెలలకే అందింది. 1905లో హార్వర్డ్ 26 ఏళ్ల బిల్ రీడ్‌కు 7,000 డాలర్లు ఇచ్చింది. ప్రొఫెసర్లకు కూడా అంత జీతం లేదు. డబ్బులో స్టాగ్ వెనకబడ్డారు. కానీ ఒక సీజన్ ఓడితే ఇంటికి పంపే పరిస్థితి ఆయనకు లేదు. కొత్త ఎత్తులను ఏళ్ల తరబడి పరీక్షించే వెసులుబాటు అందుకే దొరికింది.

రెండోది సొంత విభాగం. ఆయన శరీర శిక్షణ, క్రీడల విభాగానికి డైరెక్టర్. విద్యార్థులందరి వ్యాయామ తరగతులు, ఫుట్‌బాల్, బేస్‌బాల్, ట్రాక్, అన్నీ ఆ గొడుగు కిందే. ఫుట్‌బాల్ గేట్ వసూళ్లు ఈ విభాగం ఖాతాకే వచ్చేవి. మిగతా క్రీడల నష్టాన్ని ఫుట్‌బాల్ మిగులు భర్తీ చేసే పద్ధతి ఇక్కడే గట్టిపడింది. నేటికీ అమెరికా పెద్ద విశ్వవిద్యాలయాల క్రీడా బడ్జెట్ నడిచేది ఈ సూత్రం మీదే.

మూడోది జవాబుదారీ. ఇతర విభాగాధిపతులకు అధ్యాపక మండలి ఉంటుంది, డీన్ ఉంటాడు. స్టాగ్ ఆచరణలో నేరుగా అధ్యక్షుడికే జవాబు చెప్పేవారు. హార్పర్‌కు కొత్త విశ్వవిద్యాలయం పేరు పత్రికల్లో కనపడాలి. స్టాగ్‌కు అడ్డంకులు లేని అధికారం కావాలి. ఇద్దరి అవసరాలూ కలిశాయి. అధ్యాపకుల్లో కొందరు మొదటి నుంచీ అభ్యంతరం చెబుతూనే ఉన్నారు. హార్పర్ బతికున్నంతకాలం ఆ మాట చెల్లలేదు.

ప్రచారం ఎలా పనిచేసిందో 1894 శీతాకాల యాత్ర చూపిస్తుంది. జట్టు రైల్లో కాలిఫోర్నియా వెళ్లి, క్రిస్మస్ రోజున శాన్ ఫ్రాన్సిస్కోలో స్టాన్‌ఫర్డ్‌ను 24–4తో ఓడించింది. రెండేళ్ల వయసున్న విశ్వవిద్యాలయం పేరు దేశం రెండో కొసలో పత్రికలకెక్కింది. ఆ పని అప్పట్లో ఏ పరిశోధన పత్రమూ చేయలేదు.

వారం రోజుల పని

స్టాగ్ పేరు మీద చెప్పే కొత్త పద్ధతుల జాబితా పొడవైనది: సాధనలో ఢీకొట్టే దిండు బొమ్మ, బంతి కదిలే ముందు ఒక ఆటగాడిని అడ్డంగా నడిపించడం, ఒకవైపు పరుగు చూపించి మరోవైపు బంతి మార్చడం, గోల్ స్తంభాలకు మెత్తలు కట్టడం, బేస్‌బాల్ సాధనకు వల పంజరం. వీటిని కొంచెం జాగ్రత్తగా తీసుకోవాలి. ఒకే ఆలోచన రెండు మూడు చోట్ల ఒకేసారి పుట్టిన కాలం అది. ఉదాహరణకు ఆటగాళ్లు గుండ్రంగా గుమికూడి ఎత్తు చెప్పుకునే పద్ధతికి ఆయన పేరూ వినపడుతుంది. కానీ బధిరుల కోసం నడిచే గాలొడెట్ కళాశాల ఆటగాళ్లు తమ సైగలు ప్రత్యర్థులకు కనపడకుండా 1890లలోనే అలా చేశారని బలమైన వాదన ఉంది.

వివాదం లేని విషయం ఆయన బోధనా పద్ధతి. 1893లోనే హెన్రీ విలియమ్స్‌తో కలిసి ఫుట్‌బాల్ ఎత్తులను రేఖాచిత్రాలుగా వివరించే పుస్తకం ప్రచురించారు. పదకొండు మంది ఎక్కడ నిలబడాలి, ఎవరు ఎవరిని అడ్డుకోవాలి, బంతి ఏ దారిలో పోవాలి, అన్నీ గీతల్లో ఉంటాయి. అప్పటిదాకా యేల్, హార్వర్డ్, ప్రిన్స్‌టన్ మాజీ ఆటగాళ్ల నోట మాత్రమే ఉన్న విద్య అచ్చులో ఎవరికైనా అందుబాటులోకి వచ్చింది. విలియమ్స్ తర్వాత మిన్నెసోటా కోచ్‌గా షికాగోకే గట్టి పోటీ ఇచ్చారు. స్టాగ్ భార్య స్టెల్లా మ్యాచ్‌లు చూస్తూ ఎత్తుల పటాలు గీసిపెట్టేవారు. ప్రత్యర్థుల ఆటతీరు నమోదు చేయడంలో ఆమె పాత్ర చిన్నది కాదు.

1905: శిఖరం, సంక్షోభం ఒకే సీజన్‌లో

1905 నవంబర్ 30న షికాగోలో, సుమారు 27 వేల మంది ముందు, స్టాగ్ జట్టు యోస్ట్ జట్టుతో తలపడింది. మిషిగన్ అప్పటికి 56 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగదు. ఆ సీజన్‌లో 495 పాయింట్లు చేసి ఒక్క పాయింటూ ఇవ్వలేదు. షికాగో క్వార్టర్‌బ్యాక్ వాల్టర్ ఎకర్సాల్ పదేపదే బంతిని దూరం తన్ని మిషిగన్‌ను వాళ్ల గోల్ దగ్గరే కట్టడి చేశారు. రెండో అర్ధభాగంలో అలా వచ్చిన ఒక బంతిని మిషిగన్ ఆటగాడు గోల్ గీత వెనక అందుకున్నాడు. అక్కడే ఆగిపోతే నష్టం లేదు. బయటకు పరుగెత్తబోయాడు. షికాగో ఆటగాళ్లు అతన్ని మళ్లీ గీత వెనక్కి నెట్టారు. దానికి రెండు పాయింట్లు. ఫలితం 2–0.

తన్నే ఆటతో గెలవడం యాదృచ్ఛికం కాదు. గుంపు ఆటలో గజాలు దొరకడం కష్టమైనప్పుడు బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థి తప్పు చేసేదాకా వేచి ఉండటమే సురక్షిత వ్యూహం. స్టాగ్ దానికి తగిన ఆటగాణ్ని తయారు చేసుకున్నారు.

అదే సీజన్‌లో ఫుట్‌బాల్ వల్ల 18 మంది చనిపోయారని, 159 మంది తీవ్రంగా గాయపడ్డారని షికాగో ట్రిబ్యూన్ లెక్కగట్టింది. అంతకుముందే, అక్టోబరులో, అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిపించి మాట్లాడారు. సీజన్ ముగిశాక పలు విశ్వవిద్యాలయాలు కలిసి ఏర్పరచిన సంఘమే 1910 నుంచి ఎన్‌సీఏఏ (జాతీయ కాలేజీ క్రీడల సంఘం) పేరుతో నడుస్తోంది.

1906 నిబంధనల తర్కం గమనించదగ్గది. ఐదు గజాల బదులు పది గజాలు సాగాలన్నారు. తోసుకుంటూ మూడు ప్రయత్నాల్లో పది గజాలు పోవడం దాదాపు అసాధ్యం. కాబట్టి మైదానం వెడల్పును వాడక తప్పదు. రెండు వరుసల మధ్య బంతి పొడవంత ఖాళీ తప్పనిసరి చేశారు. ఆట వ్యవధి 70 నిమిషాల నుంచి 60కి తగ్గింది. బంతిని ముందుకు విసరడానికి అనుమతి వచ్చింది. అయితే విసిరిన బంతిని ఎవరూ తాకకుండా నేలపడితే అది ప్రత్యర్థిదే. ఈ శిక్ష భయంతో చాలామంది కోచ్‌లు ఆ ఎత్తు జోలికే పోలేదు. 1910లో చేతులు పెనవేసుకోవడం, బంతి ఉన్నవాణ్ని నెట్టడం, లాగడం నిషేధించారు. 1912లో నాలుగో ప్రయత్నం చేర్చి, టచ్‌డౌన్‌కు, అంటే బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించినందుకు, ఆరు పాయింట్లు చేశారు. నేటి ఆట రూపురేఖలు అక్కడికి వచ్చాయి. 1904 నుంచి నిబంధనల కమిటీలో ఉన్న స్టాగ్, తూర్పు తీర విశ్వవిద్యాలయాల గుత్తాధిపత్యంలోని ఆ గదిలో మధ్య పశ్చిమ ప్రాంతపు గొంతుగా పనిచేశారు. విసిరే ఆటను తొందరగా అందిపుచ్చుకున్నవారిలో ఆయన ఒకరు.

మధ్య పశ్చిమ విశ్వవిద్యాలయాల సమాఖ్య, అంటే 1896లో ఏడు సంస్థలతో ఏర్పడి ఇప్పుడు బిగ్ టెన్ పేరుతో 18 సంస్థలకు పెరిగిన కూటమి, 1906లో మరింత కఠినంగా వ్యవహరించింది. ఏడాదికి ఐదు మ్యాచ్‌లే, ఒక్కో ఆటగాడికి మూడేళ్లే, కోచ్ నియామకం అధ్యాపక వర్గం ద్వారానే, జీతం మితంగానే. సీజన్‌కు వచ్చిపోయే యోస్ట్‌కు ఇది దెబ్బ. మిషిగన్ కొద్దికాలానికే సమాఖ్య నుంచి తప్పుకుని 1917లో గానీ తిరిగిరాలేదు. అప్పటికే ప్రొఫెసర్ అయిన స్టాగ్‌కు మాత్రం కొత్తగా మార్చుకోవాల్సింది పెద్దగా లేదు. పొరుగున ఉన్న అతిపెద్ద ప్రత్యర్థి దశాబ్దం పాటు లేకపోవడం షికాగోకు కలిసొచ్చింది. 1907, 1908, 1913ల్లో సమాఖ్య టైటిళ్లు వచ్చాయి.

బాస్కెట్‌బాల్ పాయ

నైస్మిత్ 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్ వ్యాయామశాలలో పదమూడు నిబంధనలతో బాస్కెట్‌బాల్ మొదలుపెట్టినప్పుడు స్టాగ్ అక్కడే సహ బోధకుడు. బాల్కనీకి పది అడుగుల ఎత్తున పీచు పండ్ల బుట్టలు కట్టారు. బంతి సాకర్‌ది. జట్టుకు తొమ్మిది మంది. 1892 మార్చి 11న విద్యార్థులకు, అధ్యాపకులకు మధ్య జరిగిన తొలి బహిరంగ మ్యాచ్‌ను సుమారు 200 మంది చూశారు. విద్యార్థులు 5–1తో గెలిచారు. అధ్యాపకుల తరఫున ఏకైక బుట్ట స్టాగ్ వేసినదే.

ఆయన ఆ ఏడాదే షికాగో వెళ్లడంతో ఆట కూడా వెంట వెళ్లింది. 1896 జనవరి 16న అయోవా సిటీలో షికాగో విద్యార్థులు అయోవా జట్టును 15–12తో ఓడించారు. జట్టుకు ఐదుగురు చొప్పున జరిగిన తొలి కాలేజీ మ్యాచ్‌గా దాన్ని లెక్కిస్తారు. అయోవాలో ఆటను నడిపిన హెన్రీ కాలెన్‌బర్గ్ కూడా స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి వచ్చినవారే. 1898లో కాన్సాస్ విశ్వవిద్యాలయం వ్యాయామ బోధకుడి కోసం వెతికినప్పుడు నైస్మిత్ పేరు సూచించింది స్టాగ్. ఆట కనిపెట్టిన నైస్మిత్ కాన్సాస్ కోచ్‌గా 55 గెలిచి 60 ఓడారు. ఆయన శిష్యుడు ఫాగ్ ఆలెన్ అదే కాన్సాస్‌కు 590 విజయాలు తెచ్చారు. 1920లో ఒక సీజన్ అక్కడి ఫుట్‌బాల్ జట్టునూ నడిపారు. ఒకే పాఠశాల నుంచి విస్తరించిన ఈ గురుశిష్య పరంపర ఆట వ్యాప్తికి అసలు వాహిక.

షికాగో బాస్కెట్‌బాల్ స్వర్ణకాలం 1907–1910. అప్పుడు కోచ్ స్టాగ్ విభాగంలోని జోసెఫ్ రేక్రాఫ్ట్. తర్వాత పాట్ పేజ్ వచ్చారు. 1920లో పేజ్ బట్లర్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోవడంతో స్టాగ్ స్వయంగా ఒక సీజన్ జట్టును నడిపి 14 గెలిచి 6 ఓడారు. మరుసటి ఏడాది పూర్వ విద్యార్థి నెల్స్ నార్గ్రెన్‌కు అప్పగించారు.

డెబ్బై ఏళ్లదాకా ఫుట్‌బాల్‌ను ఎవరికీ వదలని మనిషి బాస్కెట్‌బాల్‌ను అంత తేలిగ్గా ఇతరులకు ఎందుకు అప్పగించారు? వసూళ్ల లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. ఫుట్‌బాల్ మైదానంలో పదుల వేల మంది పడతారు. 1904లో తెరిచిన బార్ట్‌లెట్ వ్యాయామశాలలో ఆ సంఖ్యలో చిన్న భాగమే పడుతుంది. అప్పట్లో బాస్కెట్‌బాల్ విభాగానికి డబ్బు తెచ్చే ఆట కాదు, శీతాకాలంలో విద్యార్థులను చురుగ్గా ఉంచే ఆట. స్టాగ్ దానికి మరో ఉపయోగం కనిపెట్టారు. 1917లో షికాగో ప్రాంగణంలో జాతీయ హైస్కూల్ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి మేటి కుర్రాళ్లు షికాగో ప్రాంగణాన్ని కళ్లారా చూసి వెళ్లేవారు. చేర్చుకునే ప్రయత్నం అని ఎక్కడా రాసి ఉండదు, కానీ పని చేసేది అలాగే. హైస్కూల్ సంఘాల వ్యతిరేకత పెరిగి 1930తో ఆ టోర్నీ ఆగిపోయింది. జట్టు క్షీణతకు అదీ తోడైంది.

స్ప్రింగ్‌ఫీల్డ్ పరంపరకు దక్షిణ భారతంతోనూ నిజమైన సంబంధం ఉంది. అక్కడ చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల స్థాపించారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. మన బడుల్లో డ్రిల్లు మాస్టారు అనే ఉద్యోగానికి శాస్త్రీయ శిక్షణ ఇచ్చిన తొలి సంస్థల్లో అదొకటి. ఆటల బోధకుడు కూడా ఉపాధ్యాయుడే అన్న స్ప్రింగ్‌ఫీల్డ్ భావన అక్కడ వ్యాపారం వైపు మళ్లకుండా పాఠశాల విద్యలో కలిసిపోయింది.

క్షీణతకు కారణాలు

1924 నవంబరులో పేరుమోసిన ఆటగాడు రెడ్ గ్రాంజ్ ఉన్న ఇల్లినాయ్ జట్టుతో 21–21తో సమం చేసి, ఆ ఏడాది సమాఖ్య టైటిల్ గెలిచింది షికాగో. అది ఏడోది, చివరిది. తర్వాతి ఎనిమిది సీజన్లలో జట్టు మళ్లీ పైకి లేవలేదు. వృద్ధాప్యం, పాత ఎత్తులు అనే వివరణ తరచూ వినపడుతుంది. అందులో కొంత నిజం ఉన్నా, అది చాలదు.

ఇతర విశ్వవిద్యాలయాలతో పోల్చితే అసలు కారణాలు బయటపడతాయి. ఒహాయో స్టేట్ 1922లో 66 వేల సీట్ల స్టేడియం కట్టింది. మిషిగన్ 1927లో 72 వేల సీట్లతో తెరిచింది. నగర వీధుల మధ్య ఇరుక్కున్న షికాగో మైదానం స్టాగ్ ఫీల్డ్ సుమారు 50 వేల దగ్గర ఆగిపోయింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ విద్యార్థులు వేలల్లో పెరుగుతుంటే, షికాగో పరిశోధన వైపు, పైస్థాయి కోర్సుల వైపు మొగ్గింది. వ్యవసాయం, వ్యాయామ విద్య లాంటి డిగ్రీలు రాష్ట్ర సంస్థల్లో ఆటగాళ్లకు సులువైన దారి. షికాగోలో ఆ దారి లేదు. 1921 నుంచి అదే నగరంలో బేర్స్ అనే వృత్తి జట్టు ఆడుతోంది. పక్క రాష్ట్రంలో నోటర్‌డామ్ ఎదిగింది. ప్రేక్షకుడికీ, ఆటగాడికీ ప్రత్యామ్నాయాలు పెరిగాయి.

1920లలో గేట్ వసూళ్లు బాగానే ఉన్నాయి. పెద్ద ప్రత్యర్థి వస్తే మైదానం నిండేది. 1922లో ప్రిన్స్‌టన్‌తో మ్యాచ్ షికాగో నుంచి న్యూయార్క్ దాకా టెలిఫోన్ తీగల మీద రేడియోలో ప్రసారమైంది. షికాగో 18–21తో ఓడింది. అయితే జట్టు బలహీనపడుతున్నప్పుడు వసూళ్లు వెంటనే తగ్గవు, కొన్నేళ్లు ఆలస్యంగా తగ్గుతాయి. ఈ ఆలస్యం సమస్యను కప్పిపెట్టింది.

70వ ఏటి నిబంధన

1929లో రాబర్ట్ హచిన్స్ 30 ఏళ్ల వయసుకే విశ్వవిద్యాలయ అధ్యక్షుడయ్యారు. ఆయన దృష్టిలో విశ్వవిద్యాలయం పని చదువు, పరిశోధన. అధ్యాపకులకు 70 ఏళ్లకు పదవీ విరమణ అనే నియమం ఉంది. స్టాగ్ అధ్యాపకుడే. 1892లో ఏ హోదా ఆయన్ను ఓటముల నుంచి, పూర్వ విద్యార్థుల ఒత్తిడి నుంచి కాపాడిందో, అదే హోదా ఈ నియమం పరిధిలోకి తెచ్చింది. కోచ్‌గా కొనసాగే వీలు లేకుండా ప్రచార బాధ్యతల పదవి ఇస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. 1932 సీజన్‌తో షికాగో అధ్యాయం ముగిసింది: 244 విజయాలు, 111 ఓటములు, 27 డ్రాలు.

తర్వాత వచ్చిన క్లార్క్ షాగ్నెసీ సమర్థుడే. 1935లో, ఏటా మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ తొలిసారి షికాగో ఆటగాడు జే బెర్వాంగర్‌కే దక్కింది. అయినా 1939లో జట్టు మిషిగన్ చేతిలో 0–85తో, హార్వర్డ్ చేతిలో 0–61తో ఓడింది. ఆ డిసెంబరులో ఫుట్‌బాల్‌నే రద్దు చేశారు. కోచ్ మారినా ఫలితం మారకపోవడం, సమస్య ప్రధానంగా స్టాగ్ వయసులో లేదనడానికి బలమైన ఆధారం.

స్టాగ్ మాత్రం కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్‌లో పసిఫిక్ కళాశాలకు వెళ్లి 1933 నుంచి 1946 దాకా పనిచేశారు. 60 గెలిచి 77 ఓడారు. చిన్న కళాశాల ఖర్చుల కోసం పెద్ద జట్లతో వాళ్ల మైదానాల్లో ఆడి వసూళ్లలో వాటా తెచ్చుకోవడం ఈ ఓటములకు ఒక కారణం. 1943లో పరిస్థితి తిరగబడింది. యుద్ధకాల నావికాదళ శిక్షణ కోసం పంపిన ఆటగాళ్లు కళాశాలకు వచ్చారు. యూసీఎల్ఏను, కాలిఫోర్నియా జట్టునూ ఓడించారు. 81 ఏళ్ల స్టాగ్‌ను కోచ్‌లు ఆ ఏటి మేటి కోచ్‌గా ఎన్నుకున్నారు. ఆటగాళ్ల లభ్యత ఎంత ముఖ్యమో షికాగో పతనం చెప్పినదాన్నే ఈ సీజన్ ఎదురువైపు నుంచి చెప్పింది. ఆ తర్వాత పెన్సిల్వేనియాలోని సస్క్వెహానా విశ్వవిద్యాలయంలో కొడుకుతో కలిసి, ఆపైన స్టాక్‌టన్ కళాశాలలో తన్నే ఆట నేర్పుతూ 98వ ఏడు దాకా పనిచేశారు. 1965 మార్చి 17న, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆటగాడిగా, కోచ్‌గా రెండు విధాలా చోటు ఉంది. 1959లో బాస్కెట్‌బాల్ హాల్ తొలి బృందంలోనూ ఆయన ఉన్నారు.

విజయాల లెక్కలో తేడా ఎందుకు

స్ప్రింగ్‌ఫీల్డ్ 10, షికాగో 244, పసిఫిక్ 60 కలిపితే 314. 1981లో అలబామా కోచ్ బేర్ బ్రయంట్ 315వ విజయంతో దాటింది ఈ సంఖ్యనే. కొన్ని చోట్ల వేరే అంకెలు కనపడతాయి. సస్క్వెహానాలో కొడుకుతో కలిసి నడిపిన సీజన్లను ఎవరి ఖాతాలో వేయాలనే దగ్గర ఒక తేడా వస్తుంది. 1890లలో హైస్కూళ్లతో, క్లబ్బులతో ఆడినవి అధికారిక మ్యాచ్‌లా, సాధన మ్యాచ్‌లా అనే దగ్గర మరొకటి. స్టాగ్ కాలపు మరో కోచ్ పాప్ వార్నర్ విజయాలను తర్వాతి పరిశోధకులు 319గా లెక్కించడం మూడో చిక్కు. అంకె ఉటంకించేటప్పుడు ఏ సంస్థ లెక్కో చూసుకోవడం అవసరం.

నేటి కోచ్‌తో పోలిస్తే

నేటి పెద్ద కోచ్‌కు అధ్యాపక శాశ్వతత్వం లేదు, కొన్నేళ్ల ఒప్పందం ఉంటుంది. మధ్యలో తీసేస్తే మిగిలిన కాలానికి పరిహారం చెల్లించాలి. అంటే స్టాగ్‌కు హోదా ఇచ్చిన భద్రతను ఇప్పుడు డబ్బు ఇస్తోంది. సొంత విభాగం, ఫుట్‌బాల్ మిగులుతో ఇతర క్రీడల పోషణ, అధ్యక్షుడికి దగ్గరి దారి మాత్రం 1892 నాటివే. 2025 ఒప్పందం ఒత్తిడి పెంచుతున్నది ఈ రెండో అంశం మీదే. ఆటగాళ్లకు వాటా పోయాక ఫుట్‌బాల్ మిగులు తగ్గితే, దాని మీద ఆధారపడిన ఈత, కుస్తీ, జిమ్నాస్టిక్స్ జట్లకు నిధులు ఎక్కడి నుంచి తేవాలన్నది విశ్వవిద్యాలయాలు తేల్చుకోవాల్సిన తక్షణ సమస్య. షికాగో సంగతికొస్తే, 1946లో బిగ్ టెన్ నుంచి వైదొలిగి, 1969లో ఫుట్‌బాల్‌ను తిరిగి తెచ్చింది. ఇప్పుడు క్రీడా ఉపకార వేతనాలు లేని మూడో శ్రేణిలో ఆడుతోంది.